చుక్క పట్టుకున్న పిల్ల

తాండూరులో నేల తవ్వితే నీళ్లకంటే ముందు బండ తగులుతుంది. ఇంటి ముందు మెట్టు బండ, వంటింట్లో గట్టు బండ, బర్రెలు నీళ్లు తాగే తొట్టి బండ, చివరికి మనిషి పోయాక మీద పరిచేదీ బండే. ఆ చివరి బండల పని శంకరప్పది. కొడంగల్ రోడ్డు పక్కన రేకుల షెడ్డులో కూర్చుని ఉలితో పేర్లు చెక్కేవాడు. ధారూరు, బొంరాస్‌పేట, నవాబుపేట దాకా క్రైస్తవుల సమాధుల మీదా, పూడ్చిపెట్టే ఆచారం ఉన్న మిగతా ఇళ్ల సమాధుల మీదా ఆయన అక్షరాలే ఉండేవి. గుండ్రంగా, జొన్నగింజలు పేర్చినట్టు ఉండేవి. చదువు రానివాళ్లు కూడా వేలితో తడిమి చూసి బాగుందనేవాళ్లు.

శంకరప్పకు ఒక పట్టింపు ఉండేది. బతికున్న మనిషి పేరు సమాధి రాయి మీద చెక్కేవాడు కాదు. ధారూరు దగ్గరి ఒక పల్లె నుంచి సత్యమ్మ అనే ఆమె, భర్త పోయిన కొత్తలో వచ్చి, "ఎట్లయినా నేను గూడ ఆయన పక్కకే పండేదాన్ని. నా పేరు గూడ ఇప్పుడే రాసెయ్యి, తారీకు ఎనుక ఏసుకుంటరు" అని అడిగింది. కలిగినవాళ్ల ఇల్లు, కాదంటే మళ్లీ గిరాకీ రాదు. అయినా శంకరప్ప ఉలి కింద పెట్టేశాడు.

"రాయ చెల్లె. పేరు పడ్డ రాయి ఊకోదు. పిలుస్తది."

కొడుకు నవీన్‌కుమార్ అప్పుడు షెడ్డులోనే ఒక మూల కూర్చుని పరీక్షలకు చదువుకుంటున్నాడు. ఫక్కున నవ్వాడు. "రాయి పిలుసుడేంది బాపు?" అన్నాడు. శంకరప్ప సుద్దముక్క తీసుకుని సత్యమ్మ భర్త పేరొక్కటే గీసుకున్నాడు. సత్యమ్మ మూతి ముడుచుకుని వెళ్లిపోయింది గానీ, ఆ మాట మాత్రం మూట కట్టుకుని పోయినట్టుంది. ఇన్నేళ్ల తర్వాత తెచ్చి నవీన్ ముందు విప్పింది.

కాలం గడిచింది. రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుని శంకరప్ప పోయాడు. ఆయన బండ మీద పేరు నవీనే వేశాడు, ఉలితో కాదు, మిషనుతో. ఉలి పట్టడం నేర్చుకోలేదన్న సిగ్గు అతనికి ఎప్పుడూ ఉండేది. దాన్ని కప్పుకోవడానికే కావచ్చు, తండ్రికి తెలియని పని ఒకటి పట్టుకున్నాడు. హైదరాబాదులో వెబ్‌సైట్లు చేసే ఆఫీసులో కొన్నాళ్లు పనిచేసి వచ్చినవాడు కదా, బండ మీద పేరు కింద స్కానర్ చెక్కడం మొదలుపెట్టాడు. పైసలు కొట్టడానికి చాయ్ బండి మీద అంటించే నలుపూ తెలుపూ గడుల బొమ్మ లేదూ, అదే. దాని మీద ఫోను పెడితే పోయిన మనిషి పేజీ తెరుచుకుంటుంది. ఫొటో, పుట్టిన తేదీ, పోయిన తేదీ, కింద ఒక బైబిలు వాక్యం. మొదటి బండ పరిచిన రోజు ఒక ముసలాయన, "గోరికి గూడ పైసలు కొట్టాల్నా కొడుకా?" అని అడిగితే, ఏడుస్తున్నవాళ్లు ఏడుస్తూనే నవ్వారు.

పని బాగానే నడిచింది. అయితే ఇక్కడే ఒక సంగతి చెప్పాలి, తర్వాత జరిగిందంతా దానివల్లే. పేజీలో ఫొటో కనబడడానికి రెండు దార్లున్నాయి. ఫొటోను తెచ్చి మన సైటులో, మన జాగాలో దాచుకోవడం ఒకటి. అది వేరేవాళ్ల సైటులో ఉంటే, అక్కడి చిరునామా మాత్రం మన పేజీలో రాసి ఊరుకోవడం రెండోది. రెండో దారిలో, మన పేజీ తెరిచినప్పుడల్లా ఫొటో వాళ్లింటి నుంచి నడిచొచ్చి మన గోడ మీద కూర్చుంటుంది. చూసేవాళ్లకు తేడా తెలియదు. నవీన్ తీసుకున్న సర్వర్లో జాగా తక్కువ, షెడ్డులో నెట్టు నత్తనడక. పైగా బద్ధకం ఎవరి సొత్తూ కాదు. రెండో దారే పట్టాడు.

చుట్టుపక్కల పెళ్లిళ్లు, బడి పండుగలు, చర్చి పండుగలు తీసేది వికారాబాద్‌లో స్టూడియో పెట్టుకున్న చంద్రప్ప. తీసినవన్నీ తన సైటులో పెట్టేవాడు, ఇళ్లవాళ్లు చూసుకుని ప్రింట్లకు చెప్పుకునేవాళ్లు. ఎవరు పోయినా, బతికుండగా ఏదో ఒక పండుగలో చంద్రప్ప కెమెరాకు చిక్కే ఉంటారు. నవీన్ ఆ ఫొటో వెతికి, దాని చిరునామా కాపీ చేసి, తన పేజీలో అతికించేవాడు. చాయ్ చల్లారే లోపల పని అయిపోయేది.

భార్య పద్మారాణి ఒకసారి పక్కన నిలబడి ఇదంతా చూసింది.

"అయితే ఫొటో మనింట్ల ఉన్నదా, వాళ్లింట్ల ఉన్నదా?"

"యాడుంటే ఏంది? కనవడుతున్నది గద."

"పక్కింటోళ్ల లైటు మన వాకిట్ల పడ్డట్టు. రేపు వాళ్లు బంద్ చేసుకుంటే?"

నవీన్ ఆమెను చాయ్ పెట్టమన్నాడు. మగవాళ్లకు జవాబు దొరకనప్పుడు చాయ్ గుర్తుకొస్తుంది. పద్మారాణి ఒక చూపు చూసి లోపలికి వెళ్లింది.

మొగులమ్మ అతని దగ్గరికి వచ్చింది ఒక వానాకాలం చివర్లో. సత్యమ్మ వాళ్ల ఊరే. ఆమె కందిచేలో కలుపు తీస్తుండగా, గట్టు మీద ఆడుకుంటున్న కూతుర్ని పాము కరిచింది. పిల్ల పేరు దేవిక. పెళ్లయి ఎన్నో ఏళ్లకు, ఇక లేదనుకున్నాక పుట్టిన బిడ్డ. మొగులమ్మ షెడ్డులో నేల మీద కూలబడి, "ఒక్క ఫొటో లేదు తమ్మీ ఇంట్ల" అంది. ఆధార్ కార్డు మీద ఒకటి ఉంది గానీ, ఆ కార్డు మీద కన్నతల్లి కూడా తన పిల్లను ఆనవాలు పట్టలేదు. "పోయిన క్రిస్మస్‌ల చంద్రప్ప తీసిండు. చుక్క పట్టుకున్నది. ఎనుక కొందాం తియ్యి అనుకున్న. గదొక్కటే ఉన్నది."

ఆ ఊళ్లో క్రిస్మస్ ముందు రోజు పిల్లలంతా ఊరేగింపుగా నడుస్తారు. అందరికంటే ముందు నడిచే పిల్ల, కర్రకు కట్టిన పెద్ద కాగితపు చుక్కను పట్టుకుంటుంది. ఏడాదికి ఒక్క పిల్లకే దక్కే భాగ్యం అది. నవీన్ వెతికితే ఫొటో దొరికింది. చర్చి తలుపు ముందు తెల్ల గౌనులో దేవిక. చుక్క బరువుకు తల కొంచెం ఎడమకు వాలింది. నవ్వుతోంది. మొగులమ్మ తెరను ముట్టుకుంది. ముట్టుకోగానే బొమ్మ పెద్దదై, బిడ్డ చెంప తెరనిండా పరుచుకుంది. ఆమె ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుంది. కాసేపాగి మళ్లీ ముట్టుకుంది.

నవీన్‌కు కళ్లు చెమ్మగిల్లాయి. ఆ ఇంటికి మిగిలిందల్లా ఈ ఒక్క బొమ్మేనని అతనికి తెలుసు. తెలిసి కూడా, ఫొటోను దించుకోలేదు. ఎప్పట్లాగే చిరునామా కాపీ చేశాడు, అతికించాడు, బండ మీద స్కానర్ చెక్కి పంపించాడు. పసిపిల్ల సమాధి కదా, బండ చిన్నదే.

ఆ తర్వాత ప్రతి ఏడూ నవంబరులో, పోయినవాళ్లకు పూలు పెట్టే సమాధుల పండుగనాడు మొగులమ్మ ఫోను చేసేది. "బిడ్డ మంచిగున్నది తమ్మీ. మస్తు మంచిగున్నది" అనేది. ఫొటో బాగా కనబడుతోందని చెబుతోంది కాబోలు అనుకుని నవీన్ "సరే అక్కా" అనేవాడు. అప్పుడప్పుడు తనూ పేజీలన్నీ ఒక్కసారి తెరిచి చూసేవాడు, ఏదన్నా ఆగిపోయిందేమోనని. దేవిక పేజీలో చర్చి తలుపు, తెల్ల గౌను, చుక్క. ఉంది. తర్వాతి పేజీకి వెళ్లిపోయేవాడు.

ఈ ఏడు సమాధుల పండుగ మర్నాడు పొద్దున్నే షెడ్డు ముందు ఆటో ఆగింది. సత్యమ్మ దిగింది. మనిషి బాగా వంగిపోయింది గానీ గొంతు వంగలేదు.

"మీ నాయిన నా పేరే రాయనన్నడు, రాయి పిలుస్తదని. నువ్వు నా మనుమరాలి మొకమే తీస్కపోయి గోరి మీద పెట్టినవ్. రుచిత నీకేం పాపం చేసింది పిలగా?"

నవీన్‌కు అర్థం కాలేదు. సత్యమ్మ అరుగు మీద కూర్చుని చెప్పింది. నిన్న మనవరాలిని తీసుకుని భర్త సమాధికి పూలు పెట్టడానికి వెళ్లింది. ఆ పక్కదే దేవిక సమాధి. అక్కడ ఆడుకుంటున్న పిల్లలు ఫోను పెట్టి చూసి, "గిది రుచిత! గిది రుచిత!" అని కేకలేశారు. సత్యమ్మ చూసింది. రుచితే. కింద పోయిన తేదీ. రుచిత కూడా చూసింది. అమ్మమ్మ కొంగు పట్టుకుని ఇంటిదాకా నడిచింది. ఇల్లు చేరేసరికి ఒళ్లు కాలిపోతోంది.

"పిలిస్తే పలుకుతలేదు. కండ్లు గూడ తెరుస్తలేదు" అంది సత్యమ్మ. అప్పటిదాకా గట్టిగా ఉన్న గొంతు ఆ మాట దగ్గర చితికింది.

"ఆ పేజీ దేవికది పెద్దమ్మా, రుచిత ఎందుకుంటది?" అంటూ నవీన్ నవ్వబోయి ఫోను తెరిచాడు.

చర్చి తలుపు. తెల్ల గౌను. చుక్క. తల కొంచెం ఎడమకు వాలింది. నవ్వుతోంది. అన్నీ ఉన్నాయి. దేవిక లేదు.

ఆ పిల్ల ముఖం కోలగా ఉంది. చెవులకు పోగులున్నాయి. దేవిక కంటే జానెడు పొడుగు. కింద మాత్రం దేవిక పేరు, దేవిక పుట్టిన రోజు, దేవికను పాము కరిచిన రోజు. నవీన్ ఎన్నిసార్లు తెరిచాడు ఈ పేజీని! తలుపు చూశాడు, గౌను చూశాడు, చుక్క చూశాడు. పిల్ల ముఖం ఒక్కసారీ చూడలేదు.

సత్యమ్మ కళ్ల ముందే ఫొటో తీసేశాడు. ఆ చోట చిన్న చిరిగిన కాగితం బొమ్మ మిగిలింది, అంతే. "పోయిందా?" అంది సత్యమ్మ. "పోయింది పెద్దమ్మా." "పిల్లకేమన్న అయితే నవీనూ..." అని, మిగతాది చెప్పకుండా ఆటో ఎక్కింది. తిట్టినా బాగుండేది, తిట్టు అక్కడితో అయిపోయేది. చెప్పని మాట రోజంతా షెడ్డులోనే తిరిగింది.

మిగతా పేజీలు తెరిచి చూశాడు. ఈసారి ముఖాలు చూశాడు. కోటు తొడుక్కుని నిలబడి ఉండాల్సిన అంజిలయ్య చోట ఎవరో పడుచువాడు ఐస్‌క్రీము తింటున్నాడు. రామమ్మ పేజీలో రామమ్మ లేదు, ఖాళీ కుర్చీల వరస ఉంది, ఎవరో ఇప్పుడే లేచిపోయినట్టు. పోయినవాళ్లు మళ్లీ పోయారు, ఈసారి ఎవరికీ చెప్పకుండా. నవీన్ తల ఎత్తాడు. గోడకు ఆనించి పెట్టిన పాలిషు బండల్లో, ఇంకా ఏ పేరూ పడని బండలో, తన ముఖం తనకే కనిపించింది. గబుక్కున పక్కకు జరిగాడు. పాతికేళ్లుగా ఆ బండల మధ్యే తిరిగినవాడికి వాటిని చూస్తే భయం వేయడం అదే మొదలు.

మధ్యాహ్నం మొగులమ్మ ఫోను చేసింది. "తమ్మీ, బిడ్డ కనవడ్తలేదు. ఎటువోయింది?"

"జర ఓపిక పట్టు అక్కా. మంచిగ చేస్తున్న" అన్నాడు. ఎటు పోయిందో అతనికి తెలిస్తే కదా చెప్పడానికి.

మర్నాడు పొద్దుటి రైలుకు వికారాబాద్ బయలుదేరాడు. కిటికీ అవతల కందిచేలు పసుపుపచ్చగా పూత మీదున్నాయి. మామూలుగా అయితే ఈసారి కంది బాగుందని పక్కవాళ్లతో మాట కలిపేవాడు. ఇప్పుడు ఆ పూతలోంచి ఒక పిల్ల లేచి నిలబడి తనవైపే చూస్తుందనీ, ఆ పిల్ల ఎవరో తను పోల్చుకోలేడనీ అనిపించి కిటికీ మూసేశాడు. ఎదుటి సీటు ముసలమ్మ గాలి రావడం లేదని సణుక్కుంది.

చంద్రప్ప స్టూడియోలో కూర్చుని పాస్‌పోర్ట్ ఫొటోలు కత్తిరిస్తున్నాడు. అంతా విని, కత్తెర ఆపకుండానే చెప్పాడు.

"నాది ఫిలిం రీళ్ల కాలంనాటి అలవాటు. ఏ పండుగ తీసినా ఒకటో నంబరుతోనే మొదలువెడ్త. గా ఊరి క్రిస్మస్‌ల ముందు నడిచేది చుక్క పట్టిన పిల్ల, ఒకటో ఫొటో ఆమెదే. మల్లేడు కొత్తయి తీస్త, గా పాత జాగలనే, గవే నంబర్ల మీద ఎక్కిస్త. అడ్రసు గదే ఉంటది, ఫొటో మారుతది. కొత్త నీరొస్తే పాత నీరు పోతది."

"పాతయి యాడ దాసినవ్ కాకా?"

"దాయలే. ప్రింట్లు అమ్ముడువోయినంక ఎవరడుగుతరు?"

నవీన్‌కు ఒళ్లు మండింది. "చెప్పకుండ ఎట్ల మారుస్తవ్? మందివి గోరీలున్నయి దాని మీద!"

చంద్రప్ప కత్తెర కింద పెట్టాడు. "నన్నడిగి పెట్టుకున్నవా? నా ఇంటి గోడకు నీ చుట్టాల ఫొటో తగిలేసి పోయినవ్. నేను నా గోడకు సున్నమేసుకున్న. తప్పు నాదా?"

ఎరువు సొమ్ము బరువు చేటు అని పెద్దలు ఊరికే అనలేదు. నవీన్ బల్ల మీద పడి ఉన్న చిన్న చిన్న ముఖాలను చూస్తూ నిలబడ్డాడు. అప్పుడు ఇంకొకటి తట్టింది. "ప్రతి ఏడు మార్చినవా?"

"ప్రతి ఏడు. ఒకసారి పాస్టర్ బిడ్డ, ఒకసారి కిరాణా కొట్టోళ్ల పిల్ల, పోయినేడు సత్యమ్మ మనుమరాలు."

అంటే ఆ చిన్న బండ మీద ఏడాదికొక బతికున్న పిల్ల నిలబడి నవ్వింది. తండ్రి ఉంటే ఏమనేవాడో నవీన్ ఊహించుకోలేకపోయాడు. అతని ముఖం చూసి చంద్రప్ప కొంచెం మెత్తబడ్డాడు. "దేవిక చుక్క పట్టిన ఏడు సత్యమ్మ ఇంటోళ్లు ఒక ప్రింటు కొనుక్కున్నరు. ఊరేగింపుది. వాళ్ల మనుమరాలు అప్పుడు శాన పొట్టిది, దేవిక ఎనుకనే ఉన్నది. ఉంటే ఆడనే ఉండాలె" అన్నాడు.

లోకంలో ఏ ఇంటికైనా వెళ్లగలడు నవీన్, ఆ ఇంటికి తప్ప. అయినా ధారూరులో దిగాడు. ఊరిదాకా ఆటోలో వెళ్లి, సత్యమ్మ ఇంటి మలుపు దగ్గర దిగి ఆగిపోయాడు. ఏడుపు వినిపిస్తుందేమోనని చెవి పెట్టాడు. బర్రె అరుపు తప్ప ఏమీ లేదు. మెల్లగా వాకిట్లోకి వెళ్లాడు.

మంచం మీద దుప్పటి కప్పుకుని, సమాధి మీది పిల్ల జొన్నరొట్టె తింటోంది. అదే కోలముఖం, అవే పోగులు. ఊళ్లో బండలు పరిచేటప్పుడు ఎప్పుడో చూసినట్టుంది, అతన్ని ఎగాదిగా చూసి, "అమ్మమ్మా, నన్ను సంపినాయన వచ్చిండు!" అని లోపలికి కేకేసింది.

నవీన్ అక్కడే వాకిట్లో కూర్చుండిపోయి వెక్కి వెక్కి ఏడ్చాడు. రుచిత బిత్తరపోయి రొట్టె నమలడం ఆపేసింది. సత్యమ్మ బయటికి వచ్చి, తిట్టడానికి తెరిచిన నోరు మూసుకుని, చెంబుతో నీళ్లిచ్చింది. "డాక్టర్ సూదేసిండు. పొద్దుగాల జ్వరం దిగింది. లే, లే. మొగోడివి."

ఫొటో సంగతి చెప్పాడు. తన ఇంట్లోంచి ఏదీ ఆ బండ మీదికి పోవడం సత్యమ్మకు ఇష్టం లేదు. చివరికి, "మొగులమ్మను చూస్తే కడుపు తరుక్కపోతది" అంది. "ప్రతి క్రిస్మస్‌కు ఒక కొత్త గౌను కొంటది. గోరి మీద పెట్టి, ఎనుక ఎవలన్న పేదపిల్లకిస్తది. రెక్కలాడితేనే బుక్క దొరికే మనిషి." గోడ మీది పటం దించి తెచ్చింది. ముందు దేవిక, చుక్కతో. వెనక చిట్టి రుచిత. "తీసుకో. నా పిల్ల వేలు గూడ రావద్దు దాంట్ల."

రాలేదు. నవీన్ జాగ్రత్తగా దేవికను మాత్రమే విడదీశాడు. ఈసారి ఫొటోను తన సర్వర్లోనే పెట్టాడు, ఎక్కువ జాగా కొనుక్కుని మరీ. ఒక ప్రతి పెన్‌డ్రైవులో, ఒకటి పద్మారాణి ఫోనులో. మిగతా పేజీల ఇళ్లవాళ్లకు ఫోన్లు చేసి, జరిగింది దాచకుండా చెప్పి, ఎవరి దగ్గరేముంటే అది పంపమన్నాడు. కొందరు పంపారు. కొందరి దగ్గర ఏమీ లేదు. పద్మారాణి ఒక్క మాటా ఎత్తిపొడవలేదు. అడక్కుండానే చాయ్ తెచ్చి పక్కన పెట్టింది. అది అతనికి ఎత్తిపొడుపుకంటే ఎక్కువ గుచ్చుకుంది.

ఆదివారం ఆరాధన వదిలే వేళకు నవీన్ సమాధుల దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. మొగులమ్మ వచ్చింది, చేతిలో తాండూరు బట్టల దుకాణం సంచి. అతన్ని చూసి నవ్వింది.

"నువ్వే వచ్చినవా తమ్మీ."

"బిడ్డను తీసుకొచ్చిన అక్కా" అన్నాడు. దారంతా సాధన చేసిన మాట ఇంకొకటి ఉంది, అది కూడా అన్నాడు. "ఇగ మన దగ్గరనే ఉంటది. ఎన్నటికి మారదు." అంటున్నప్పుడు గర్వంగా కూడా అనిపించింది.

మొగులమ్మ కొంగుతో బండ తుడిచి, ఫోను పెట్టింది. పేజీ తెరుచుకుంది. ఆమె నవ్వు కాసేపు ముఖం మీదే ఉండిపోయింది. తర్వాత మెల్లగా పోయింది.

"గిదేంది తమ్మీ? మల్ల చిన్నగైంది."

"అక్కా..."

"గిన్నేండ్లు పెరిగింది గద నా బిడ్డ. మొదటేడు జుట్టు పెరిగింది. మల్లేడు చర్చి తలుపు గొళ్లెం దాక వచ్చింది. పోయిన క్రిస్మస్‌కు చెవులకు పోగులొచ్చినయి. నేను చెవులు కుట్టియ్యలే, ఆడ ఎవరు కుట్టిచ్చిన్రో అనుకున్న. దేవుని దగ్గర గూడ పెరుగుతరేమో, నాకేమెరుక? ఎవ్వలికి చెప్పలే, పిచ్చి లేసిందంటరని. నీకొక్కనికే చెప్పేదాన్ని, మంచిగున్నదని."

ప్రతి ఏడూ వచ్చిన ఆ ఫోను మాట నవీన్ చెవిలో మళ్లీ మోగింది. మస్తు మంచిగున్నది తమ్మీ. తను సరే అక్కా అన్నాడు. ఇప్పుడు పారిపోవాలనిపించింది. పారిపోలేదు. చెప్పాడు.

"అవ్వి దేవికవి కావు అక్కా. ఏడాదికొక పిల్లవి. తప్పు నాదే, నేను మంచిగ దాయలే. గిదే దేవిక."

మొగులమ్మ ఫోనునే చూస్తోంది. "మొకం నాకెరుకలేదా తమ్మీ" అంది. "పెరిగే పిల్లల మొకాలు మారుతయి గద అనుకున్న." తర్వాత, "ఇగ మారదంటివి?"

"మారదక్కా."

"పెరగదు."

ఆమె అడిగినట్టు అనలేదు, తనకు తనే చెప్పుకున్నట్టు అంది.

మొగులమ్మ సంచిలోంచి గౌను తీసింది. లేత నీలం రంగుది, చేతులకు కుచ్చులు. రాబోయే క్రిస్మస్‌కు, తలుపు గొళ్లెం పోలిక పెట్టుకుని, పోయినేటికంటే కొంచెం పొడుగు చూసి కొన్నది. దాన్ని రెండు భుజాల దగ్గర పట్టుకుని బండ మీద పరిచింది. చిన్న బండ. గౌను అంచు బండ దాటి గడ్డి మీద పడింది. ఆమె దాన్ని పైకి జరిపి చూసింది, కిందికి జరిపి చూసింది.

"పెద్దగైంది తమ్మీ" అంది. "ఇగ పట్టదు."